వారానికి ఐదు రోజుల అన్నం

మా మనవరాలు అనూష ఒక సోమవారం ఉదయం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆ సంగతి మాకు బుధవారం సాయంత్రం గాని తెలియలేదు. తెలిపినది కూడా ఆమె కాదు, ఆమె స్నేహితురాలు. దవాఖానలో పరీక్ష చేసి రక్తం తక్కువగా ఉన్నదనీ, వేళకు కడుపునిండా తినాలనీ చెప్పి పంపారట. హాస్టల్ మెస్సు వంటశాల పైకప్పు మరమ్మతు కోసం మూతపడి నెల దాటింది. తెరవడానికి మరో రెండు నెలలు పడుతుందనీ, అంతవరకు విద్యార్థులు తగిన ఏర్పాట్లు చేసుకోవాలనీ నోటీసు అంటించారు. వంటశాలను మూసివేసి, గదుల్లో వండుకోరాదన్న నిబంధనను మాత్రం అలాగే ఉంచి, ఏర్పాట్లు చేసుకోమనడం ఏ రకమైన పాలనో నాకు బోధపడలేదు. నేను ముప్పై ఏళ్లు బాలికల సంక్షేమ హాస్టల్లో వార్డెనుగా పనిచేశాను. వంటశాలకు మరమ్మతు వస్తే ముందురోజే పెరట్లో రాళ్లపొయ్యి పెట్టించేదాన్ని. పిల్లల భోజనం ఒక్క పూట కూడా ఆగలేదు.

అనూష తండ్రి, మా అల్లుడు రమేశ్ ఆ రాత్రే మా ఇంటికి వచ్చాడు. "అత్తమ్మా, మీరొక్కసారి పోయి చూసి రండి. తిండికి దారి ఉన్నదంటె చదువుకోనీ. లేదంటె మీతోనే తోలుకరండి. పీహెచ్‌డీ లేకున్నా బతుకుతం, ఒంట్ల రక్తం లేకుంటె బతుకుతమా?" అన్నాడు.

అనూష పరిశోధనలో చేరి ఏడాది కూడా కాలేదు. ఇప్పుడు వదిలి వస్తే ఆ సీటు మళ్లీ దొరకదు. ఆ పిల్ల చదువు నా మాట మీద ఆధారపడి ఉన్నదని మనసులో పెట్టుకుని, కొత్త నోటుపుస్తకం ఒకటి సంచిలో వేసుకుని బయలుదేరాను. పిల్లల్ని సైబరాబాద్ అని పిలిచే ఆ ఐటీ ఆఫీసుల ప్రాంతానికి పంపబోయేవారికి ఉపయోగపడుతుందని అందులోని విషయాలనే ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

గురువారం ఉదయం ఏడు దాటాక జనగామలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడినుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంటుంది. టికెట్టు చవక, నిలబడే చోటు ఉచితం, కూర్చునే చోటు అదృష్టం. నాకు సీటు ఇచ్చిన యువకుడి మెడలో ఆఫీసు కార్డు వేలాడుతున్నది.

"తిండి ఎక్కడ తింటవు బాబూ?" అని అడిగాను.

"ఫికర్ లేదు ఆంటీ, యాప్ ఉంది."

"యాప్ వండుతదా?"

అతను నవ్వాడు. "ఎవరు వండుతరో తెల్వదు ఆంటీ. వేడిగ వస్తది, అంతే."

ఎవరు వండారో తెలియని అన్నాన్ని రోజూ తినే తరం ఒకటి ఈ ఊళ్లో తయారైంది. హైటెక్ సిటీ స్టేషన్‌లో పెట్టె సగం ఖాళీ అయింది. దిగినవాళ్లలో ఒక్కరి చేతిలో కూడా టిఫిన్ డబ్బా కనిపించలేదు.

లింగంపల్లి నుంచి నల్లగండ్లకు షేర్ ఆటో ఎక్కాను. అక్కడ ఒక లేడీస్ పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో, రోజు అద్దెకు మంచం తీసుకున్నాను. మేనేజరు శేషారత్నం గారిది తణుకు దగ్గర ఊరు. గది శుభ్రంగా ఉంది, సాంబారు మాత్రం పలచగా ఉంది. మా మనవరాలికి నెలకు ఇంత అని తీసుకుని భోజనం పెట్టగలరా అని అడిగాను.

"గదిలో ఉంటేనే భోజనమండి. బయటోళ్లకి పెట్టామనుకోండి, లోపలోళ్లు నా ప్రాణం తీసేస్తారండి. మొన్న ఒకమ్మాయి చుట్టానికి గుడ్డు పెట్టిందని పంచాయితీ అయిందండి బాబూ!"

పీజీలో చేరితే హాస్టల్ గది వదులుకోవాలి, అద్దె అదనం. ఆ దారి మూసుకుపోయింది.

సాయంత్రం అనూష వచ్చింది. చెంపలు లోపలికి పోయాయి. నన్ను చూడగానే, "ఏందమ్మమ్మా, పుస్తకం పట్టుకొచ్చినవ్? ఇన్‌స్పెక్షనా?" అన్నది.

"ఇన్‌స్పెక్షనే. నువ్వు తినే చోట్లన్నీ చూపెట్టు."

ముందుగా నల్లగండ్లలో కర్రీ పాయింట్‌కు వెళ్లాం. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు కుక్కర్లో అన్నం పెట్టుకుని కూరలు మాత్రం ఇక్కడ కొంటారు. పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి వేటికవే పాలిథిన్ కవర్లలో పోసి, నోరు బిగించి ముడివేసి ఇస్తారు. రుచికి వంక పెట్టలేను. గదిని పంచుకుని ఉండే విద్యార్థులకు ఇది మంచి ఏర్పాటే. కాని అన్నం వండుకునే హక్కు లేని పిల్ల వట్టి కూర కవరు పట్టుకుని ఏం చేస్తుంది? పైగా పొగలు కక్కే పులుసును పాలిథిన్ కవర్లో పోయడమేమిటని అడిగితే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాయన, "డబ్బా తెచ్చుకోండమ్మా, పోస్తం. ఎవలు తెస్తున్నరు?" అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది.

శుక్రవారం ఉదయం విశ్వవిద్యాలయ ప్రధాన ద్వారం దగ్గర టిఫిన్ బండ్లు చూశాం. ఇడ్లీలు మెత్తగా ఉన్నాయి, పల్లీ చట్నీ చిక్కగా ఉంది. కాని స్టీలు ప్లేటు కడిగే పని తప్పించుకోవడానికి దానిమీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, ఆ కాగితం మీద వేడి ఇడ్లీ వేస్తున్నారు. ప్లేటు కడగలేనివాడు హోటలు ఎందుకు పెట్టాలి? ఆ మాట పైకే అన్నాను. పక్కన తింటున్న కుర్రాళ్లు ప్లేట్లు పట్టుకుని నాలుగడుగులు దూరం జరిగారు. అనూష మాత్రం, "అమ్మమ్మా, జర మెల్లగ. నేను మళ్ల ఈడికే రావాలె," అని నా చెయ్యి గిల్లింది.

మధ్యాహ్నం విశ్వవిద్యాలయం వెనుక ద్వారం దాటి, ఆఫీసుల వైపు వెళ్లే రోడ్డు పట్టుకున్నాం. అద్దాల భవనాల ప్రహరీ పొడుగునా బండ్లు వరుస తీరి ఉన్నాయి. మెడలో కార్డులు వేసుకున్నవాళ్లు, వాళ్ల మధ్యలో నీలి చీరల హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు, కాపలా యూనిఫారాల వాళ్లు, అందరూ ఒకే వరుసలో నిలబడి తింటున్నారు. అనూష నన్ను యాదమ్మ బండి దగ్గరికి తీసుకుపోయింది.

"కూసో పెద్దమ్మా, ఆ రాతిగుండు మీద కూసో. నీడున్నది," అన్నది యాదమ్మ.

కూర్చోలేదు. ముందు మూతలు తీసి చూశాను. అన్నం పొడిపొడిగా ఉంది. టమాట పప్పు, గోంగూర, ఉడికించిన గుడ్లు, కోడికూర ఉన్నాయి. బండి కింద రెండు బకెట్లు, ఒకదానిలో సబ్బునీళ్లు, రెండోదానిలో మంచినీళ్లు. ప్లేట్లు నిజంగా కడుగుతున్నారు.

"చెకింగా పెద్దమ్మా? చెకింగోళ్లు నిన్ననే తిని పోయిన్రు," అని యాదమ్మ గరిటె తిప్పుతూ నవ్వింది.

"మారు వేస్తావా?"

"అన్నం ఎంతైనా ఏస్త. కూర ఒక్కపారే. ఎవల్ని గూడ కడుపు మాడ్సుకుని పొమ్మన."

ఆమెది అచ్చంపేట వైపు. భర్త చంద్రయ్యతో కలిసి ఇక్కడికి భవన నిర్మాణ పనికి వచ్చింది. "గా బిల్డింగుకు ఇటుకలు మేమే మోసినం. పని ఒడిసినంక మేస్త్రీ పొమ్మన్నడు. యాడికి పోవాలె? దాని ముంగటనే బండి పెట్టుకున్నం," అన్నది. ఇప్పుడు చంద్రయ్య ఆటో నడుపుతూ, గిన్నెలు తెచ్చి దించి వెళ్తాడు.

భోజనం డెబ్బై రూపాయలు. అనూష తింటుంటే నేను నిలబడే చూశాను. మారు అన్నం పెట్టించుకుంది. రాత్రికి కూడా కాస్త అన్నం, పప్పు కట్టించమన్నాను. యాదమ్మ పాలిథిన్ కవరు తీయగానే నేను మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా వినకుండానే, "అయ్యో, ఆపు తల్లీ! ఇగో, నా డబ్బనే తీస్కపో. మల్లెప్పుడన్న ఇయ్యి," అని తన స్టీలు డబ్బా నింపి ఇచ్చింది.

పరిశుభ్రత, రుచి, దూరం, ఖరీదు, మారు వడ్డన. ఈ ఐదు శీర్షికల కింద నేను మార్కులు వేసుకున్నాను. అన్నింటిలోనూ యాదమ్మ బండిదే మొదటి స్థానం. సాయంత్రం అల్లుడికి ఫోన్ చేసి, పిల్ల ఇక్కడే ఉండవచ్చునని చెప్పాను. పరిశీలన పూర్తయిందనే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కడిగిన డబ్బా సంచిలో పెట్టుకుని అదే రోడ్డుకు వెళ్లాం. అనూష వస్తూ వస్తూ రెండుసార్లు, "వేరేదిక్కు పోదాం అమ్మమ్మా," అన్నది. నేను వినిపించుకోలేదు. తీరా చూస్తే రోడ్డు పొడుగునా ఒక్క బండి లేదు. నిన్న యాదమ్మ నన్ను కూర్చోమన్న రాతిగుండు మీద కుక్క పడుకుని ఉంది.

భవనం గేటు దగ్గరికి పోయాను. కాపలా అతను లేచి, "ఏ కంపెనీ అమ్మా?" అన్నాడు.

"అన్నం కంపెనీ. ఈ బండ్లు ఏమైనయి?"

"ఇయ్యాల శనివారం గదమ్మా. సార్లు లేరు. సార్లు లేకుంటె బండ్లెందుకుంటయి? సోమవారం రాండ్రి."

సోమవారం! వెనక్కి తిరిగి అనూష ముఖం చూశాను. ఆ పిల్ల నేలచూపులు చూస్తున్నది.

"పోయిన శని, ఆదివారాలు ఏం తిన్నవు?"

"బిస్కెట్లు. రాత్రి కెటిల్ల నూడుల్స్ చేసుకున్న."

"సోమవారం పొద్దున?"

"లేటయింది అమ్మమ్మా. తినలె."

సోమవారం పడిపోయిందన్న మాట నా పుస్తకంలో మొదటి పేజీలో, మొదటి వాక్యంలోనే ఉంది. సోమవారానికి ముందు ఏ రోజులు వస్తాయని మాత్రం నేను ఆలోచించలేదు. దానికి కారణం ఉంది. మా హాస్టల్లో ఆదివారమంటే కోడికూర. వారమంతా ముక్కుతూ తిన్న పిల్ల కూడా ఆదివారం రెండుసార్లు వరుసలో నిలబడేది. ఆదివారం పస్తు ఉంటుందన్న ఊహే ముప్పై ఏళ్ల వార్డెను బుర్రకు తట్టలేదు. ఈ ప్రాంతంలో అన్నం కూడా ఆఫీసులాగే వారానికి ఐదు రోజులు పనిచేస్తుంది. విద్యార్థికి మాత్రం కడుపుకు సెలవు లేదు.

ఆ మధ్యాహ్నమంతా నేను ఒక్కచోట నిలవలేదు. ప్రధాన ద్వారం దగ్గర టిఫిన్ బండ్లు కూడా కనిపించలేదు. గచ్చిబౌలిలో ఒక మండీ హోటల్లో మాంసంతో వండిన అన్నం చాపంత పళ్లెంలో తెచ్చి మధ్యలో పెట్టారు. వడ్డించే అబ్బాయి, "ఇద్దరేనా మేడం? నలుగురుంటె మంచిగుంటది," అని జాలిగా చూశాడు. మిత్రబృందం ఉన్న విద్యార్థులకు అది మంచి చోటే, తలా ఇంత వేసుకుంటే గిట్టుబాటవుతుంది. ఒంటరిగా ఉన్న పిల్లకు కాదు. అక్కడినుంచి బస్సులో హైటెక్ సిటీకి, ఒక పెద్ద మాల్ పై అంతస్తుకు పోయాం. పాటల హోరులో, పళ్లాల బొమ్మలు చూసి ఎంచుకోవాలి. అనూష ఏదో రొట్టెచుట్ట తెప్పించుకుని సగం తిన్నది.

"కడుపు నిండిందా?"

"ధర చూసినప్పుడే నిండింది అమ్మమ్మా."

నవ్వు రాలేదు. ఖాజాగూడ వైపు ఇంటిభోజనం పెడతారని ఎవరో చెబితే ఆటోలో అక్కడికీ పోయాను. తాళం వేసి ఉంది. తిరిగి వచ్చి శేషారత్నం గారిని శని, ఆదివారాలకైనా ఒప్పుకోమని మళ్లీ అడిగాను. "మీరు పెద్దవారు, కాదనలేకపోతున్నానండి, కానీ కాదండి," అన్నది. రాత్రి అల్లుడికి ఫోన్ చేసి నిన్నటి మాట రద్దు చేశాను. రేపు పిల్లను వెంట తెస్తున్నానని చెప్పాను.

అనూష ఎదురు చెప్పలేదు. మర్నాడు పుస్తకాలు స్నేహితురాలికి అప్పగించి, బట్టలు సర్దుకుని వచ్చింది. "ఒక్కటే మాట అమ్మమ్మా. నాకు చదువు చాతగాక వచ్చిందని మాత్రం ఊర్ల అననియ్యకు," అన్నది. నేను సంచి మూతి బిగించాను. అప్పుడే ఆ పిల్ల, "యాదక్క డబ్బా ఇచ్చిపోదాం," అన్నది. అరువు తెచ్చిన వస్తువును ఇవ్వకుండా రైలెక్కడం నాకూ ఇష్టం లేదు.

యాదమ్మ ఇల్లు గోపన్‌పల్లిలో ఒక సందు చివర. అడుగుతూ పోయాం. గుమ్మం దాటగానే ఆగిపోయాను. రేకుల షెడ్డు కింద చాపలు పరిచి పన్నెండు మంది వలయంగా కూర్చుని భోంచేస్తున్నారు. యాదమ్మ, చంద్రయ్య, శుక్రవారం ఆ పక్క బండి మీద పరోటాలు వేసిన మనిషి, చెరుకురసం ఆవిడ, ఆమె అత్త... ముఖాలన్నీ ఆ రోడ్డువే. బండ్లన్నీ గోడకు ఆనించి ఉన్నాయి.

"ఓ చెకింగమ్మా! డబ్బ కోసమే ఇంత దూరం వచ్చినవా? కూసో, కూసో. పిల్లా, నువ్వు గూడ కూసో," అన్నది యాదమ్మ.

సంచులు దించేలోపే మా ముందు ప్లేట్లు వచ్చాయి. జొన్నరొట్టె, చింతచిగురు పప్పు, చేపల పులుసు.

"ఇదేమిటి, ఈ రోజు పండుగా?" అని అడిగాను.

"పండుగ లేదు, ఏం లేదు," అన్నాడు చంద్రయ్య. "వారమంత నిలవడి మందికి పెడ్తం, మేము నిలవడే ఇంత మింగుతం. శని, ఆదివారం ఒక్కతాన కూసుని తింటం. ఒక్కొక్కపారి ఒక్కొక్కరి వంతు. నిన్న పరోటా నర్సింలు వంతు. ఉప్పు కషాయం."

"తిన్నవా లేదా?" అన్నాడు నర్సింలు.

"తిన్న. తినాలె గద! ఏం వండినా, ఎట్ల వండినా, చెయ్యి కడిగేదాంక వంక పెట్టొద్దు. అది మా రూలు."

రూలు అన్న మాట వినగానే నాకు ఆ మనుషుల మీద గౌరవం కలిగింది. అనూష వైపు చూశాను. రెండో రొట్టె తుంచుతున్నది. నేను నోటుపుస్తకం తీసి, శని, ఆదివారాల భోజనానికి నెలకు ఎంత తీసుకుంటారో చెప్పమనీ, రెండు నెలలది ముందే ఇస్తాననీ యాదమ్మతో అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. యాదమ్మ గిన్నె కింద పెట్టింది.

"శని, ఆదివారం మేం అమ్మం పెద్దమ్మా. వారమంత అమ్ముడే గద. పిల్ల రావాల్నంటె రానీ, నాకు సంతోషమే. గని అందర్లెక్కనే వంతు చెయ్యాలె."

"వంతా? ఆ పిల్ల చదువుకోవడానికి వచ్చింది, వంట చేయడానికి కాదు," అన్నాను. నాకు నిజంగానే కోపం వచ్చింది. మా హాస్టల్లో పిల్లల్ని పొయ్యి దగ్గరికి పంపిన వంటమనిషికి నేను మెమో ఇచ్చాను.

"మేం మటుకు ఊకె కూసుని ఉన్నమా?" అన్నది చెరుకురసం ఆవిడ.

"పీహెచ్‌డీ పిల్ల పప్పు మాడగొడితె ఎట్ల?" అన్నాడు నర్సింలు.

"నీ ఉప్పు తిన్నం, ఆ మాడు తినమా?" అని చెరుకురసం ఆవిడ అత్త అనగానే షెడ్డంతా గొల్లుమన్నది.

ఆ నవ్వులోనే అనూష, "చేస్త," అన్నది.

అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"నాకు రాదు. గని చేస్త. వచ్చే ఆదివారం నా వంతు వెయ్యండ్రి." తరువాత నా వైపు చూసి, "అమ్మమ్మా, ఈ రెండు దినాలకు తిండి దొరికితె చాలు, నేనుంటా. నీ పుస్తకంల రాసుకో," అన్నది.

నేను వాదించడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల ప్లేటులో మూడో రొట్టె పడింది. వేసిన చెయ్యి ఎవరిదో చూడలేదు. అనూష దాన్ని పులుసులో ముంచుకుని తింటూ ఉంది. నేను నోటుపుస్తకం మూసేశాను, మళ్లీ తెరవలేదు.

నాలుగు దాటాక చంద్రయ్య ఆటోలో నన్ను లింగంపల్లి స్టేషన్‌కు తెచ్చాడు. కిరాయి తీసుకోలేదు. ఇవ్వజూపితే, "మీ పిల్ల వంతు నాడు బండెడు బియ్యం నేనే తెస్త, పో అవ్వా," అన్నాడు. అనూష పెట్టెతో సహా ఆ ఆటోలోనే తిరిగి హాస్టల్‌కు పోయింది.

సికింద్రాబాద్‌లో ఎక్స్‌ప్రెస్ కదిలేసరికి చీకటి పడుతున్నది. భువనగిరి దాటకముందే ఫోన్ మోగింది. రైలు చప్పుడులో వినపడదని స్పీకర్ పెట్టాను.

"అమ్మమ్మా, పదమూడు మందికి పప్పు ఎంత పొయ్యాలె?"

"ఇప్పుడేనా? ఇంకా వారమున్నది."

"ముందుగాలనే రాసి పెట్టుకోవాలని నువ్వే గద అంటవు."

వెంటనే చెప్పబోయి ఆగాను. రెండు వందల మంది పిల్లలకు పది కిలోలు. ఇది నాకు నిద్రలో కూడా తెలుసు. ఉద్యోగం వదిలాక ఒక్క మనిషికి పిడికెడు. ఇదీ తెలుసు. ఈ రెండింటికీ మధ్యలో పదమూడు మందికి నేను ఎన్నడూ వండలేదు. భాగహారం చేసి, ముప్పావు కిలోకు కాస్త తక్కువ అన్నాను.

ఎదుటి సీట్లో పాలక్యాను పెట్టుకుని కూర్చున్నావిడ వెంటనే అందుకుంది. "ఎవలమ్మా తినేది?"

"బండ్ల మీద అమ్ముకునేవాళ్లు."

"కష్టం చేసేటోళ్లకు ముప్పావు కిలో ఏడ సరిపోతది? కిలో పొయ్యమను."

"కిలో ఎక్కువైతది," అన్నాడు కిటికీ పక్కనున్న పెద్దాయన. "టమాటలు దండిగ వేస్తె పప్పు తక్కువైనా ఆనుతది."

"ఉప్పో?" అన్నది ఫోన్లో అనూష.

ఉప్పు, పులుపు భాగహారానికి లొంగవు. అయినా వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టాను. పాలక్యాను ఆవిడ ఫోను తన వైపు తిప్పుకుని, "బిడ్డా, సగం వేసి నాకి చూడు. మల్ల వెయ్యి. తీసేటందుకు రాదు," అన్నది. పెద్దాయన చింతపండు గురించి మొదలుపెట్టాడు. పై బెర్తు మీదనుంచి ఎవరో ఇంగువ అన్నారు. ఆలేరు వచ్చేదాకా ఆ పెట్టెలో మరో మాట లేదు.

ఈ దారిన పిల్లల్ని పంపేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. సైబరాబాద్‌లో విద్యార్థికి మంచి భోజనం దొరుకుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు కొనుక్కోవచ్చు. డబ్బా వెంట తీసుకుపోవాలి. మిగిలిన రెండు రోజులు అక్కడ అన్నం అమ్మరు. ఆ రెండు రోజులు ఎవరి వలయంలో కూర్చోవాలో పిల్లలే వెతుక్కోవాలి, ఆ వలయంలో తమ వంతు వండాలి. చేరేముందు మెస్సు పైకప్పును కూడా ఒకసారి తలెత్తి చూసుకుంటే మంచిది. దాని గురించి విశ్వవిద్యాలయానికి నా ఫిర్యాదు వేరుగా పోతుంది.

జనగామ సమీపిస్తుండగా అల్లుడి ఫోన్ వచ్చింది.

"అత్తమ్మా, స్టేషన్‌కు కారు తెచ్చిన. పిల్లకు సామాను ఎక్కువున్నదా?"

"పిల్ల రాలేదు."

"నిన్న తోలుకొస్తున్న అంటిరి గద?"

"ఎట్ల తోలుకరాను? వచ్చే ఆదివారం వంట దాని వంతు ఉన్నది," అన్నాను.

అతను ఇంకా ఏదో అడుగుతున్నాడు. పెద్దాయన నా మోచెయ్యి తట్టి, చింతపండు నిమ్మకాయంత చాలని పిల్లకు గట్టిగా చెప్పమంటున్నాడు.